నలభై ఎనిమిదో రాయి

అమరనాథ్ సేఠ్ మాట ఇచ్చి పందొమ్మిదేళ్లయింది. మాటకేం ఖర్చు, నోటి తడి తప్ప. కిషన్‌బాగ్‌లో ఆగయ్య ఇల్లు కట్టుకున్న జాగా సేఠ్‌ది. దాన్ని ఆగయ్య పేరు మీద రాసిస్తానన్నాడు. అందుకు బదులుగా ఆగయ్య బయటివాళ్ల పని పట్టకూడదు, కూలి పెంచమని నోరు తెరవకూడదు. ఆగయ్య తన వైపు మాట తప్పలేదు. సేఠ్ వైపు మాట మాత్రం ఒక దీపావళి నుంచి ఇంకో దీపావళికి జరిగింది. సేఠ్ తండ్రి పోయినప్పుడు ఏడాది జరిగింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ లొల్లి జరిగి ఊరంతా కర్ఫ్యూ పెట్టినప్పుడు ఇంకో ఏడాది జరిగింది. జరిగి జరిగి చివరికి ఒక చేతిగడియారం దగ్గరికొచ్చి నిలబడింది.

"గీ ఘడీ పని కానియ్ ఆగయ్యా. మర్నాడే రిజిస్ట్రీ ఆఫీసుకు పోదాం," అన్నాడు సేఠ్ నెలన్నర కింద.

ఆ పనికి ఇవాళ ఆఖరు రోజు. నలభై ఏడు వజ్రాలు కూర్చున్నాయి. ఒక్కటి మిగిలింది.

ఆగయ్య ఊదుగొట్టం నోట పెట్టుకుని కుంపట్లోకి ఊదాడు. బొగ్గుల మీద బూడిద లేచి ఎర్రదనం కనబడింది. బేగంబజార్‌లో ఇత్తడి గిన్నెల దుకాణాల వెనక సందులో సేఠ్ నగల కొట్టు, దాని మీద ఈ పదడుగుల గది. ఒకప్పుడు ఇందులో ఆరుగురు కూర్చునేవారు. ఇప్పుడు ఒక్క ఆగయ్యే. కిటికీకి ఎదురుగా మోకాలు మడిచి కూర్చుని కూర్చుని, అతని కింద నాపరాయి నున్నగా పల్లమైంది.

యాభై ఆరేళ్ల మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి వాలి ఉంటుంది. కుంపటి సెగకు కనుబొమ్మలు ఎర్రబారి, సగం ఊడిపోయాయి. నలభై ఏళ్లుగా ఎడమ కన్ను మూసి కుడి కంటితో భూతద్దంలోకి చూస్తుండడం వల్ల ముఖంలో ఎడమ సగం ముడతలు పడింది, కుడి సగం పడలేదు. చొక్కాకు జేబు లేదు. ఆ గదిలో పనిచేసేవాడికి జేబు ఉండకూడదు. సాయంత్రం వెళ్లేముందు ధోతి దులపాలి, గోళ్ల సందులు కుంచెతో గీకాలి, చేతులు ఇత్తడి బేసినులో కడగాలి. ఆ కడిగిన నీళ్లు కూడా సేఠ్‌వే. ఆర్నెల్లకోసారి వాటిని వడకట్టే మనిషి వచ్చి, అడుగున మిగిలిన బంగారం సేఠ్‌కు ఇచ్చి పోతాడు.

లక్క మెత్తబడింది. అందులో దిగేసి ఉన్న బంగారు చట్రం కదలకుండా ఉందో లేదో గోటితో నొక్కి చూశాడు. గడియారం అద్దం చుట్టూ కూర్చునే చట్రం అది, వేలికి పెద్దదీ మణికట్టుకు చిన్నదీ అయిన ఉంగరంలా ఉంటుంది. దానికి నలభై ఎనిమిది గుంటలు. ప్రతి గుంటకూ వెనక నుంచి సన్నపు రంధ్రం, వెలుతురు వచ్చిపోవడానికి. సారా కంట్రాక్టరు ఒకాయన బొంబాయి నుంచి స్విట్జర్లాండు గడియారం తెప్పించుకుని, దాని చుట్టూ వజ్రాలు పొదగమన్నాడు. లోపలి మిషను లక్క వేడికి పాడవకుండా కమాలుద్దీన్ ముందే ఊడదీసి తన దగ్గర పెట్టుకున్నాడు. గడియారాలు బాగుచేసే కమాలుద్దీన్‌ది కింద మెట్ల మలుపులో ఒక గాజుపెట్టె. ఆ మెట్లూ సేఠ్‌వే.

నిన్న సాయంత్రం సేఠ్ ఇచ్చిన కాగితం పొట్లం విప్పి ఆగయ్య ఆఖరి రాయిని తెల్ల కాగితం మీద వేశాడు. నోటి ఆవిరి తగిలించి ఆరనిచ్చాడు. చట్రం పక్కన పెట్టి చూశాడు. మజ్జిగలో చిటికెడు పసుపు పడ్డట్టుంది.

రాయి పొట్లంలో చుట్టి కిందికి దిగాడు. సేఠ్ గద్దె మీద కూర్చుని లక్ష్మీదేవి పటానికి అగరుబత్తి తిప్పుతున్నాడు.

"సేఠ్, గీ రాయి జర పసుపున్నది."

"ఎంత పసుపు?"

"తక్కిన వాటి పక్కన వెడితే తెలుస్తది."

"నీకు తెలుస్తది. సారా అమ్మెటోనికి ఏం తెలుస్తది? వాని కండ్లే పసుపు." సేఠ్ తన మాటకు తనే నవ్వుకున్నాడు. "చట్రం తిప్పి ఆ రాయి తొమ్మిది అంకె దిక్కు వచ్చేటట్టు పెట్టు. చొక్కా చెయ్యి కిందికి పోతది."

"వేరేది తెప్పిద్దాం సేఠ్. రెండు రోజులు ఆగితే..."

"నాలుగు గంటలకు వాడొస్తుండు. రేపు రెండు గంటలకు మనం రిజిస్ట్రీకి పోవాలె. ఆగుదామంటే ఆగుదాం. రెండూ ఆగుతయ్ మరి."

ఆగయ్య మళ్లీ మెట్లెక్కాడు.

మళ్లీ కుంపటి ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి కదలలేదు. నలభై ఏడు తెల్ల రాళ్ల మధ్య ఈ ఒక్కటి పంక్తిలో మాసిన బట్టతో కూర్చున్న మనిషిలా ఉంటుంది. సేఠ్‌కు పరవాలేదు. కంట్రాక్టరుకు తెలియదు. అయినా ఆగయ్య చేతికి అది పట్టలేదు.

అతని తండ్రి శివయ్య నవాబుల దేవిడీలకు నగలు చేసిన అవుసలి. ఆ కాలంలో వెనక రంధ్రాలు లేవు. ప్రతి రాయి కిందా పల్చటి వెండిరేకు పరిచేవారు. దాన్ని పక్క వెయ్యడం అనేవారు. రాయి పసుపుగా ఉంటే రేకుకు పొగ చూపించి నీలంగా చేసేవారు. ఆ నీలం పసుపును మింగేసేది. "పక్క వెయ్యకుంట రాయిని కూసోవెడితే, బాలింత బిడ్డను బండ మీద పండవెట్టినట్టేరా," అనేవాడు శివయ్య. నగ కొనేవాళ్లకూ అది తెలుసు. పక్క ఎవరు వేశారని అడిగి మరీ కొనేవారు.

ఆగయ్య తన పాత డబ్బీలోంచి వెండిరేకు ముక్క తీశాడు. నున్నటి రాయితో రుద్దాడు. దీపపు పొగకు ఒక్క క్షణం చూపించాడు. ఆవగింజంత కత్తిరించి గుంటలో పరిచాడు. పుల్ల కొసన మైనం అంటించి, రాయిని దాంతో లేపి, పక్క మీద దించాడు. ఉలి మొనతో చుట్టూ బంగారాన్ని నాలుగు దిక్కులా రాయి మీదికి నెట్టాడు. ఊపిరి బిగబట్టి చేసే పని అది.

భూతద్దం తీసి మామూలు కళ్లతో చూశాడు. నలభై ఎనిమిదీ ఒక్క తీరుగా మెరిశాయి. ఏది పసుపో అతనికే ఒక నిమిషం దొరకలేదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వంట చేసినామె కూరలో ఉప్పు వేశానని చెప్పి వడ్డిస్తుందా?

మధ్యాహ్నం జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం తిన్నాడు. ఆ పూట మాత్రం నోట్లో ముద్ద ఉండగానే రెండుసార్లు తనలో తను నవ్వుకున్నాడు. పందొమ్మిదేళ్ల కింద ఆ జాగా మూసీ వైపు నుంచి నక్కలు తిరిగే చోటు. తనూ భార్య చంద్రమ్మా మట్టి తొక్కి గోడలు పెట్టారు. పైన బెంగుళూరు పెంకులు ఒక్కసారే వెయ్యలేదు, ఒక్కో వానాకాలానికి ఒక్కో వరుస వేశారు. ఆ ఇంట్లో ఇద్దరు బిడ్డలు పుట్టారు. ఇద్దరూ ఏడాది నిండకుండా పోయారు. బంగారం పనిని కట్టడి చేస్తూ సర్కారు చట్టం తెచ్చిన ఏడాది సేఠ్ ఆర్నెల్లు పని లేదన్నాడు. తమ్ముడు మల్లన్న ఉలి పక్కన పడేసి ఉస్మాన్‌గంజ్‌లో బస్తాలు మోశాడు. నడుం పోయింది, తరవాత మనిషీ పోయాడు. అప్పుడే బొంబాయి నుంచి ఒక పెద్ద కొట్టువాళ్లు ఆగయ్యకు కబురు పంపారు. వజ్రాలు పొదిగే చెయ్యి కావాలన్నారు, ఉండడానికి గది ఇస్తామన్నారు. "పోతే జాగ పోతది," అన్నాడు ఆగయ్య. చంద్రమ్మ ఆ ఆర్నెల్లు అగరుబత్తీలు చుట్టి ఇల్లు నడిపింది. చుట్టడం ఇప్పటికీ మానలేదు.

చట్రాన్ని లక్కలోంచి ఊడదీసి, స్పిరిటులో కడిగి, మెత్తటి గుడ్డతో తుడుచుకుని కిందికి పట్టుకెళ్లాడు.

"లావ్ భాయ్, నీ పెండ్లిపిల్లను ఇటు తే," అన్నాడు కమాలుద్దీన్ గాజుపెట్టె వెనక నుంచి. గోరింట పెట్టిన గడ్డం, కంటికి తీగతో కట్టుకున్న అద్దం. "పెండ్లికొడుకు పొద్దటి సంది టిక్ టిక్ అంటుండు. ఇంకెంతసేపు కాకాసాబ్ అని నా ప్రాణం తీస్తుండు."

చట్రం అందుకుని, కంటి అద్దం పైకి జరిపి చూశాడు.

"మాషా అల్లా. గిది చూసినోడు టైం చూస్తడా? నా మిషను ఉత్తదే పాయె."

మిషను లోపల పెట్టి, అద్దం మీద చట్రం నొక్కితే టక్కుమని కూర్చుంది. తోలుపట్టా తగిలించాడు.

"రేపు జాగ రాసిస్తడంట గదా సేఠ్?"

"రెండు గంటలకు రమ్మన్నడు. సాక్షి సంతకానికి నువ్వు రావాలె భాయ్."

"వస్తనన్నడు, ఇస్తనన్నడు అని ఇనుకుంటనే నాకు మూడు పండ్లు ఊడినయ్ ఆగయ్యా."

"ఈసారి గట్ల గాదు."

"సరె తియ్. షేర్వాణీ ఇస్త్రీ చేపిచ్చుకొని వస్త. ఇస్త్రీ పైసలు మాత్రం జాగీర్దార్ సాబ్ ఇయ్యాలె."

ఆగయ్య పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. జాగీర్దారు అన్నందుకు.

నాలుగు గంటలకు సారా కంట్రాక్టరు వచ్చాడు. పది వేళ్లకూ ఉంగరాలు, పట్టు లాల్చీ. అతని వెంట బొంబాయి నుంచి రాళ్లు చూసే మనిషి ఒకడు, సన్నగా, అసలు మాట్లాడకుండా. సేఠ్ గడియారాన్ని మఖమల్ గుడ్డ మీద పెట్టాడు. కంట్రాక్టరు చేతికి కట్టుకుని, చెయ్యి అటూ ఇటూ తిప్పి, గోడ మీది అద్దంలో చూసుకున్నాడు.

"మస్తుంది సేఠ్. గ్లాసు లేపితే చాలు, తాగేటోళ్లకు కండ్లు పోవాలె."

సన్నటి మనిషి చెయ్యి చాపాడు. గడియారాన్ని కంటి దగ్గర పెట్టుకుని చుట్టూ తిప్పాడు. తరవాత చట్రం ఊడదియ్యమన్నాడు. కమాలుద్దీన్‌ను పిలిచారు. అతను సన్నపు కత్తితో చట్రం లేపి ఇచ్చాడు. ఆ మనిషి దాన్ని వెనక్కు తిప్పి వెలుతురుకు ఎత్తి పట్టాడు. రంధ్రాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా వచ్చింది.

"ఏక్ బంద్ హై," అన్నాడు. ఒకటి మూసుకుపోయింది.

జేబులోంచి సూది తీసి ఆ రంధ్రంలో పొడిచి తిప్పాడు. వెండిరేకు తునక ఒకటి ఊడి మఖమల్ మీద పడింది. చట్రం ఇటు తిప్పి చూపించాడు. తొమ్మిది అంకె దగ్గర రాయి పచ్చగా, పాతబడ్డ పన్నులా కనబడింది.

కంట్రాక్టరు ముఖం ఎర్రబడింది. "ఏంది సేఠ్ ఇది? నాకే కల్తీనా? కల్తీ నా దందా. నీది గాదు."

సేఠ్ మెట్ల దగ్గర నిలబడ్డ ఆగయ్య వైపు తిరిగాడు.

"నేనిచ్చినవి నలభై ఎనిమిది తెల్ల రాళ్లే సార్. పాతకాలం అవుసలోళ్ల చేతివాటం గిట్లనే ఉంటది. ఆగయ్యా, నువ్వే చెప్పు. నిన్న నీ చేతికి నేను ఏం రాయిచ్చిన?"

అందరూ ఆగయ్యను చూశారు. సేఠ్ కూడా చూశాడు. గొంతులో గద్దింపు ఉంది గానీ కళ్లు బతిమాలుతున్నాయి. పందొమ్మిదేళ్లలో సేఠ్ తనను ఒకటి అడగడం ఆగయ్య ఎన్నడూ చూడలేదు. చెప్పడమే చూశాడు.

పసుపు రాయే ఇచ్చారని అనొచ్చు. అది నిజం. అంటే కంట్రాక్టరు లేచి పోతాడు, బజారంతా చెబుతాడు, సేఠ్ మునుగుతాడు. ఆ తరవాత రేపు రెండు గంటలకు ఏ రిజిస్ట్రీ, ఎక్కడి రిజిస్ట్రీ? తెల్ల రాయే అంటే పోయేది తన పేరు ఒక్కటి. ఆ పేరు ఈ కొట్టు గుమ్మం దాటి ఎన్నడు పోయింది గనక? సేఠ్ ఈ మేలు తీర్చకుండా ఉంచుకోడు. మనిషన్నవాడు ఉంచుకోడు.

"తెల్లదే సేఠ్," అన్నాడు ఆగయ్య.

"ఆగయ్యా!" అన్నాడు కమాలుద్దీన్.

ఆగయ్య అతని వైపు చూడలేదు.

కంట్రాక్టరు ఆగయ్యను కింది నుంచి పైకి చూశాడు. జేబు లేని చొక్కాను చూశాడు. "ముసలోడు. ఠాణాకు పంపితే ఆడనే సస్తడు. రాయి మార్పియ్ సేఠ్. ధర సంగతి మనం మాట్లాడుకుందాం."

సేఠ్ ఇనపపెట్టె తెరిచాడు. లోపలి సొరుగులోంచి పొట్లం తీసి విప్పాడు. అందులో తెల్ల రాయి ఉంది. అదే కొలత, అదే మెరుపు. పొద్దున ఆగయ్య దిగివచ్చి అడిగినప్పుడు కూడా అది ఆ సొరుగులోనే ఉంది.

ఆగయ్య దాన్ని తీసుకుని పైకి వెళ్లాడు. లక్క వేడి చేసి, చట్రం దించి, పసుపు రాయిని పీకి, తెల్ల రాయిని కూర్చోబెట్టాడు. పక్క వెయ్యలేదు. కంట్రాక్టరు చాయ తాగి, పాన్ నమిలేలోగా పని అయిపోయింది. గడియారం కట్టుకుని, చెయ్యి ముందుకు చాపుకుని, సందులో తోవ ఇమ్మని అరుస్తూ కంట్రాక్టరు వెళ్లిపోయాడు.

అతని కారు చప్పుడు దూరమయ్యే దాకా ఆగయ్య నిలబడే ఉన్నాడు.

"సేఠ్, రేపు రెండు గంటలకు ఈడికే రావాల్నా, ఆఫీసు కాడికే రావాల్నా?"

సేఠ్ మఖమల్ గుడ్డ మడతపెడుతున్నాడు. తలెత్తలేదు.

"ఏం ముఖం పెట్టుకొని అడుగుతున్నవ్ ఆగయ్యా?"

ఆగయ్యకు అర్థం కాలేదు.

"నలుగురి ముంగట ఒప్పుకున్నవ్ గదా. రాయి మార్చినోనికి రేపు నేను జాగ రాసిస్తే బజార్ల ఏమంటరు? ఇద్దరు కలిసి చేసిండ్రంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె? మా బాపు కాలం సంది ఉన్న దుకాణమిది."

"నువ్వే గద సేఠ్ ఆ రాయి..."

"రేకు పెట్టమని నేను చెప్పిన్నా? చెప్పు. నేను చెప్పిన్నా?"

ఆ ఒక్క మాట నిజం. ఆ ఒక్క నిజం దొరకబుచ్చుకుని సేఠ్ దాని మీద మొత్తం నిలబడ్డాడు. కళ్లలో ఇందాకటి బతిమాలడం లేదు. ఆ కాసేపట్లోనే తను తెల్ల రాయి ఇచ్చినట్టు అతనికే నమ్మకం కుదిరినట్టుంది.

"సేఠ్, జర అల్లాకు భయపడు," అన్నాడు కమాలుద్దీన్. "పొద్దున ఈయన రాయి పట్టుకొని కిందికొచ్చింది నేను చూసిన."

"కమాలుద్దీన్, నీ గాజుపెట్టె ఎవరి మెట్ల మీదున్నది?"

కమాలుద్దీన్ కత్తి, పట్టకారు ఏరుకుని, తల వంచుకుని మెట్ల మలుపులోకి వెళ్లి కూర్చున్నాడు. ఆరుగురు మనవలున్న ఇల్లు అతనిది.

"ఇంట్ల ఉండుమనే అంటున్న," సేఠ్ గొంతు మెత్తబరిచాడు. "ఎల్లగొడుతున్ననా? నువ్వు ఉన్నన్ని రోజులు ఉండు. పనికి మాత్రం వద్దు. బజార్ల మాటొస్తది."

ఆగయ్య పైకి వెళ్లి కుంపటి ఆర్పాడు. ధోతి దులిపాడు. కుంచెతో గోళ్లు గీక్కున్నాడు. బేసినులో చేతులు కడుక్కున్నాడు. కిందికి దిగి కమాలుద్దీన్ పక్క నుంచి వెళ్తుంటే అతను తల ఎత్తలేదు, ఆగయ్య ఆగలేదు.

పురానాపూల్ మీద రోజూ లాగే బండ్లు, మేకలు, సైకిళ్లు. వంతెన మధ్యలో ఒకచోట ఎదరొమ్ము పట్టేసినట్టయి ఆగయ్య పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. కింద మూసీలో చాకలివాళ్లు ఆరిన బట్టలు మూటలు కడుతున్నారు. నొప్పి తగ్గినట్టనిపించాక మళ్లీ నడిచాడు. ఇల్లు చేరేసరికి ఇంకా పొద్దు ఉంది.

చంద్రమ్మ గుమ్మంలో కూర్చుని అగరుబత్తీలు చుడుతోంది. బొగ్గుపొడి ముద్దతో రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"తెల్ల ధోతి ఉతికి నీలిమందు పెట్టి ఆరేసిన. రేపు గదే కట్టుకోవాలె," అంది.

"రేపు గాదంట."

ఆమె చేతిలో పుల్ల ఆగింది. మళ్లీ ఎప్పుడని అడగబోయి అతని ముఖం చూసింది. లేచి చేతులు కడుక్కుని చాయ పెట్టి ఇచ్చింది.

"నల్లా వచ్చినట్టున్నది. గీ బిందె వట్టుకొని వస్త. తాగు, సల్లారిపోతది."

"చంద్రమ్మా."

"ఏందయ్యా?"

"బొంబాయికి పోకపోతిమి," అన్నాడు ఆగయ్య.

"ఇప్పుడెందుకు ఆ ముచ్చట. చాయ తాగు."

నల్లా దగ్గర వరసలో ఆమె ముందు తొమ్మిది మంది ఉన్నారు. తిరిగి వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని కాళ్లు చాపి అలాగే కూర్చుని ఉన్నాడు. చాయ మీద మీగడ కట్టింది. "తాగకపోతివా?" అంటూ ఆమె బిందె దించింది. ఇంకోసారి పిలిచింది. తరవాత భుజం మీద చెయ్యి వేసింది.

దినాలకు కమాలుద్దీన్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన షేర్వాణీ వేసుకుని వచ్చి, వాకిట్లో ఎండలో ఒక మూలన నిలబడి, వెళ్లిపోయాడు. సేఠ్ బస్తా బియ్యం పంపాడు. మరో పదిహేను రోజులకు అతని గుమాస్తా సీతారాం వచ్చి, ఉన్నన్ని రోజులూ ఉండమన్న మాట ఆగయ్యకే గానీ చంద్రమ్మకు కాదన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఆమె మరిది కొడుకులు వచ్చి పెంకులు దింపి, తలుపు ఊడదీసి, బండి మీద వేసుకుని ఆమెను ఉస్మాన్‌గంజ్ వెనక తమ గదికి తీసుకెళ్లారు. ఒక్క వానకు మట్టిగోడలు కరిగాయి.

ఆ వాన వెలిశాక, జాగా కొన్న మనిషితో కలిసి సేఠ్ స్వయంగా వచ్చి కొలిపించాడు. పొడుగు తొమ్మిది గజాలు, వెడల్పు ఎనిమిది. నాలుగు మూలలా ఆగయ్య పాతిన హద్దురాళ్లలో మూడు గడ్డపారకు లేచాయి. నాలుగోది కూలివాళ్లిద్దరు పొద్దు వాలేదాకా తవ్వినా కదలలేదు. డెబ్బై రెండు గజాల ఆ జాగాలో, తూర్పు మూలన, భూమికి జానెడు ఎత్తున అది అలాగే ఉండిపోయింది.